జైలు రిజిస్టరుకు ఎక్కని శిక్ష: మన ఇళ్ళలోని జ్ఞాపకాలను రాసిపెట్టుకోవడం ఎలా

గోదావరి డెల్టాలోని కొన్ని పాత ఇళ్ళలో నడిమింటి గోడ మీద ఇప్పటికీ ఒక తామ్రపత్రం కనిపిస్తుంది. స్వాతంత్ర్యం వచ్చి ఇరవై అయిదేళ్ళు నిండిన సందర్భంగా 1972లో కేంద్ర ప్రభుత్వం స్వాతంత్ర్య సమరయోధులకు ఇచ్చిన రేకు అది. దాని మీద ఆ ఇంటి తాతగారి పేరు ఉంటుంది. ఆయన జైలులో ఉన్న నెలల్లో ఆ ఇంట పొయ్యి ఎలా వెలిగిందో, శిస్తు ఎవరు కట్టారో, పిల్లవాడికి జ్వరం వస్తే ఏ రేవు దాటించి ఎవరు వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళారో చెప్పే కాగితం మాత్రం దొరకదు. అది చెప్పగలిగిన ఆడవారు చాలా ఇళ్ళలో వెళ్ళిపోయారు; ఆనాడు చంటిపిల్లలుగా ఉన్నవారు ఇప్పుడు ఎనభైలలో, తొంభైలలో ఉన్నారు. వారి నోట ఉన్నదానిని ఇంటివాళ్ళే సేకరించి రాసిపెట్టుకునే పద్ధతిని ఇక్కడ చెబుతున్నాను. కోనసీమలోనూ పశ్చిమ డెల్టాలోనూ ఇటువంటి ఇళ్ళకు వెళ్ళి కూర్చుని, చాలా పొరపాట్లు చేసి నేర్చుకున్న పద్ధతి ఇది.

ముందుగా ఏ కాలమో తేల్చుకోవడం

"జైలుకు వెళ్ళారు" అన్న ఒక్క మాట మన డెల్టాలో అనేక కాలాలకు వర్తిస్తుంది. కొందరు పెద్దలు ఆ మాట కూడా అనరు, "శ్రీకృష్ణ జన్మస్థానం చూసి వచ్చారు" అంటారు. సహాయ నిరాకరణ రోజుల్లో వెళ్ళినవారు ఒక తరం. ద్రాక్షారామంలో పుట్టిన దువ్వూరి సుబ్బమ్మగారికి 1922లో ఏడాది శిక్ష పడింది ఆ రోజుల్లోనే. 1930లో కాకినాడ పక్కన చొల్లంగిలో ఉప్పు సత్యాగ్రహం జరిగినప్పటి నుంచి శాసనోల్లంఘనలో వెళ్ళినవారు మరొక తరం. 1940–41 వ్యక్తి సత్యాగ్రహం, 1942 క్విట్ ఇండియా ఆ తరువాతివి. స్వాతంత్ర్యం వచ్చాక 1948 నుంచి మూడు, నాలుగేళ్ళపాటు మద్రాసు రాష్ట్రంలో కమ్యూనిస్టులపై సాగిన నిర్బంధంలో చాలా ఇళ్ళు చెదిరాయి. చివరగా 1975 జూన్ 25 నుంచి 1977 మార్చి 21 వరకు నడిచిన ఎమర్జెన్సీలో మీసా (ఆంతరంగిక భద్రతా నిర్వహణ చట్టం) కింద తీసుకుపోయినవారు ఉన్నారు.

కాలం తేల్చుకోవడం కేవలం తారీఖుల కోసం కాదు, ఇంటి మీద పడిన బరువు తీరు కాలాన్ని బట్టి మారిపోతుంది కాబట్టి. శాసనోల్లంఘన రోజుల్లో జైలుశిక్షతోపాటు జరిమానా కూడా వేసేవారు. కట్టనంటే ఇంట్లో సామాను జప్తు చేసి వేలం వేసేవారు. కొడుకు చేసిన పనికి తండ్రి దగ్గర జరిమానా వసూలు చేయడానికి కూడా 1932 నాటి ఆర్డినెన్సులు వీలు కల్పించాయి. అందువల్ల ఆ కాలపు ఇళ్ళలో బిందెల గురించి, గంగాళాల గురించి, పాడిగేదె గురించి అడగాలి. తరువాతి కాలాలలో వచ్చిన ముందస్తు నిర్బంధం వేరే రకమైనది. శిక్ష పడిన మనిషి ఇంట్లో రోజులు లెక్కపెట్టుకోవడానికి ఒక చివర ఉంటుంది. ఆరు నెలలంటే ఆరు నెలలు, గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకోవచ్చు. విచారణ లేకుండా పట్టి ఉంచిన మనిషి, అంటే డెటిన్యూ, ఇంట్లో ఆ ఊరట లేదు. ఎమర్జెన్సీలో మీసా కింద పట్టుకున్నవారికి కారణం కూడా చెప్పనక్కరలేకపోయింది. నిర్బంధం చట్టబద్ధమో కాదో తేల్చమని అడిగే హేబియస్ కార్పస్ కోసం హైకోర్టుకు వెళ్ళే దారిని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టే మూసివేసింది. "ఎప్పుడొస్తారని పిల్లలు అడిగితే ఏం చెప్పేవారండీ?" అన్న ప్రశ్న అటువంటి ఇళ్ళలో తప్పక అడగండి. నేను అడిగిన ఇళ్ళలో ఆ ప్రశ్నకు వచ్చిన జవాబుల కంటే, జవాబుకు ముందు వచ్చిన మౌనమే ఎక్కువ చెప్పింది.

పెద్దవారికి సంవత్సరాలు గుర్తుండకపోవడం సహజం. "ఏ సంవత్సరంలోనండీ?" అని గుచ్చి గుచ్చి అడిగితే ఏదో ఒక అంకె చెప్పి ఆ పూటకు మిమ్మల్ని వదిలించుకుంటారు. గోదావరినే కాలమానంగా పెట్టుకోండి. పుష్కరాలకు ముందా, తరువాతా అని అడగండి. 1920, 1932 పుష్కరాలు మొదటి తరాలకు, 1979 పుష్కరాలు ఎమర్జెన్సీ ఇళ్ళకు పనికివస్తాయి. 1932 పుష్కరాలు శాసనోల్లంఘన మధ్యలో వచ్చాయి కాబట్టి ఆ గుర్తు మరీ విలువైనది. కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు 1928లో వచ్చింది, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో 1940లో పట్టాలు పీకేశారు. "మా అమ్మ కోటిపల్లి రైలెక్కి కాకినాడ వెళ్ళి ఆయన్ను చూసొచ్చింది" అని ఒక పెద్దామె అన్నప్పుడు, ఇంట్లోవాళ్ళు అంతవరకు 1942 అనుకుంటున్న అరెస్టు నిజానికి పదేళ్ళ ముందుదని తెలిసింది. సార్వా ఊడ్పుల వేళా, నూర్పుల వేళా అని అడిగితే నెల కూడా దాదాపుగా తేలుతుంది. పైగా ఆ ప్రశ్న నేరుగా అసలు విషయంలోకి తీసుకుపోతుంది: ఊడ్పుల వేళ మగమనిషిని పట్టుకుపోతే ఆ ఏటి పంట ఏమైంది?

కాగితాల వెతుకులాట గురించి ఒక్క హెచ్చరిక. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో ఏర్పడింది. అంతకుముందు నరసాపురం, భీమవరం, తణుకు తాలూకాలు కృష్ణా జిల్లాలో ఉండేవి. కాబట్టి 1922 నాటి భీమవరం మనిషి కేసును గోదావరి జిల్లా కాగితాల్లో వెతికితే దొరకదు. ఆనాటి ప్రభుత్వ ఫైళ్ళు మద్రాసు ప్రభుత్వానివి, అందులో పెద్ద భాగం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంది. పాత పత్రికల కోసం రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం ఉంది. ఇవన్నీ తరువాతి పని. ముందు మనిషి దగ్గరకు వెళ్ళండి, ఫైలు ఎక్కడికీ పోదు.

ఎవరిని, ఎప్పుడు, ఎక్కడ కూర్చోబెట్టి అడగాలి

మొదటిసారి వెళ్ళినప్పుడు ఇంటి మగవారే ఎదురువస్తారు, అరుగు మీద కుర్చీలు వేస్తారు, తాతగారి కథ చెబుతారు. ఆ కథ వినండి, అది వారి గౌరవం. కానీ అది చాలాసార్లు చెప్పి నునుపుదేలిన కథ. మీకు కావలసినది ఇంకా ఎవరికీ చెప్పనిది. అందుకని రెండవసారి మధ్యాహ్న భోజనాలయ్యాక, మగవారు నడుం వాల్చే వేళకు వెళ్ళండి. మామ్మగారు వంటింటి గడప దగ్గరో, పెరటి వసారాలోనో చేటతో కూర్చుని ఉంటే అక్కడే పీట వేసుకుని కూర్చోండి. వీలైతే వెంట ఒక ఆడమనిషిని తీసుకువెళ్ళండి. కొన్ని మాటలు మనవడితో చెప్పనివి మనవరాలితో చెబుతారు. ఫోనులో రికార్డు చేస్తుంటే ముందే చెప్పి, చూపించి, ఒప్పుకున్నాకే చేయండి. కొడుకో, మనవడో పక్కనుంచి "అలా కాదులే మామ్మా, నువ్వు మరిచిపోయావు" అని దిద్దబోతే, ఆయనతో తరువాత విడిగా మాట్లాడతానని మర్యాదగా చెప్పండి. ఆమె చెప్పిన తేదీ తప్పయినా సరే, ఆమె చెప్పిన వరుసలోనే ముందు రాసుకోండి.

ఏమి అడగాలన్నదే ఈ పనికి ఆయువుపట్టు. "మీరు చాలా కష్టాలు పడ్డారా?" అని అడగకండి. "పడ్డాం నాయనా, ఏం చేస్తాం" అన్న జవాబుతో ఆ సంభాషణ ముగిసిపోతుంది. వస్తువుల గురించి, పనుల గురించి అడగండి. ఆ ఏడాది గాదెలో ధాన్యం ఎంతవరకు వచ్చింది? చేను కౌలుకు ఇచ్చారా, ఇస్తే ఎవరికి, తిరిగి చేతికి వచ్చిందా? నీటితీరువా కట్టడానికి డబ్బు ఎక్కడిది? ప్రోనోటు ఎవరి పేర రాశారు? తాకట్టు పెట్టిన నగ ఏది, దానిని విడిపించుకున్నారా? ఒక ఇంట్లో నేను ఈ చివరి ప్రశ్న అడిగినప్పుడు ఆమె లేచి లోపలికి వెళ్ళి ఖాళీ నగలపెట్టె తెచ్చి చూపించింది. కాసులపేరు తాకట్టులోనే మునిగిపోయింది, పెట్టె మాత్రం డెబ్భై ఏళ్ళుగా ఆ ఇంట్లోనే ఉంది. భర్త తిరిగి వచ్చాక ఆ నగ ఏమైందని ఆయన అడగలేదట, ఆమె చెప్పలేదట. ఆ పెట్టె ఫొటో తీసి, దాని కింద ఆమె మాటల్లోనే నాలుగు వాక్యాలు రాసిపెట్టాము.

తరువాత పిల్లల గురించి అడగండి. బడి మాన్పించింది ఎవరిని? ఎక్కువ ఇళ్ళలో పెద్దకూతురిని మాన్పించారు, ఎందుకంటే తల్లి చేనుకు వెళితే చంటివాడిని ఎత్తుకునే మనిషి కావాలి. ఆ పెద్దకూతురు తరువాత జీవితమంతా వేలిముద్ర వేస్తే, అది కూడా ఆ శిక్షలో భాగమే అని నేను నమ్ముతాను, అలాగే రాస్తాను. కుదిరిన సంబంధం తప్పిపోయిందా, ఎదుటివారు ఏ కారణం చెప్పారు? మేనమామలు పిల్లలను తీసుకువెళ్ళి పెంచితే, అన్నదమ్ములు ఒక ఇంట పెరగక ఒకరికొకరు చుట్టాల్లా మిగిలిపోయారా?

ఇరుగుపొరుగు గురించి అడిగేటప్పుడు మాత్రం నిదానం అవసరం. పోలీసులు వచ్చి వెళ్ళాక ఎవరు రావడం మానేశారో ఆ పెద్దావిడకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంటుంది, ఆ మానేసినవారి మనవలు ఇప్పటికీ పక్కవీధిలోనే ఉంటారు. ఆ పేర్లు విని కూడా రాయకపోవచ్చు. ఎవరు వచ్చారో మాత్రం తప్పక పేరుతో రాసుకోండి. జప్తు చేసిన సామాను వేలంలో పాడనన్నవారు, చీకటి పడ్డాక పెరటి దారిన బియ్యం తెచ్చి పోసినవారు, చాకలి, మంగలి, పురుడు పోసిన మంత్రసాని, వీరందరూ ఈ చరిత్రలో ఉండవలసినవారే.

ములాఖత్ గురించి అడిగేటప్పుడు ప్రయాణం మొదటినుంచి చివరిదాకా అడగండి. జైలు రాజమండ్రిలో ఉంటే ఒక తీరు: లంకల నుంచి వచ్చేవారు పంటి మీద పాయ దాటి, కాలవలో పడవెక్కి రావలసి వచ్చేది, దానికి ఒక రాత్రి, తిరిగి వెళ్ళడానికి మరొక రాత్రి. వెల్లూరు, కడలూరు, తిరుచిరాపల్లి జైళ్ళకు పంపితే అది పరాయి భాష, పరాయి ఊరు, మద్రాసు వెళ్ళి మళ్ళీ రైలు మారాలి. ఎన్నిసార్లు వెళ్ళారని అడిగితే చాలామంది "ఒక్కసారే" అంటారు, కొందరు "అసలు వెళ్ళలేదు" అంటారు. ఎవరు వెళ్ళారు, ఎవరికి టిక్కెట్టు డబ్బు చాలింది, తల్లీ భార్యా ఇద్దరూ వెళ్ళలేనప్పుడు ఎవరు ఆగిపోయారు అన్నది అడగండి. ఆగిపోయిన మనిషి చెప్పేది వెళ్ళిన మనిషి చెప్పే దానికంటే ముఖ్యమైనదని నా అనుభవం. 1930 నుంచి ఖైదీలను ఎ, బి, సి తరగతులుగా విడదీశారు కాబట్టి, సి తరగతి మనిషి ఇంటికి ఉత్తరాలూ ములాఖత్‌లూ తక్కువన్నది కూడా గుర్తుంచుకోండి. పక్కింటి బి తరగతి ఖైదీకి వచ్చినన్ని ఉత్తరాలు మన ఇంటికి ఎందుకు రాలేదని బాధపడ్డ భార్యలకు ఈ లెక్క తెలియదు.

ఉత్తరాలు దొరికితే వాటిని ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని తుడుచుకోండి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, మన ఉక్కకు లోపల చెమ్మ పట్టి అక్షరాలు అలుక్కుపోతాయి. రెండు వైపులా ఫొటో తీయండి. జైలు ముద్ర, సిరాతో కొట్టేసిన గీతలు ఉంటే వాటిని దగ్గరగా తీయండి. ఆపైన ఒక ప్రశ్న అడగండి: ఈ ఉత్తరాన్ని మీకు ఎవరు చదివి వినిపించారు? చదువురాని భార్యకు వచ్చిన ఉత్తరం జైలు అధికారి కళ్ళబడి, మరిది నోటో, కరణం నోటో, పోస్టు బంట్రోతు నోటో ఆమె చెవిన పడింది. మొగుడూ పెళ్ళాల మధ్య ఉండవలసిన మాట ఒక్కటి కూడా అందులో రాయలేకపోయాడంటే కారణం అదే. "మీ ఆరోగ్యం జాగ్రత్త, గేదె ఈనిందా" అన్న వాక్యాలను ఆమె ఎలా విన్నదో ఆమెనే చెప్పనివ్వండి.

తిరిగి వచ్చిన రోజు దగ్గర ఆగిపోకండి. అక్కడ నుంచి ఇంకొక కథ మొదలవుతుంది. ఎవరో కొత్త మనిషి వచ్చాడని తండ్రిని చూసి ఏడ్చిన పిల్లలు, దగ్గుతో తిరిగి వచ్చి మంచం పట్టిన మనుషులు, ఆయన లేనప్పుడు తానే నడిపిన సంసారాన్ని ఆయన రాగానే మళ్ళీ అప్పగించి వంటింట్లోకి వెళ్ళిపోయిన ఆడవారు, వీటిని గురించి అడిగితేనే చెబుతారు.

ఆడవారే జైలుకు వెళ్ళిన ఇళ్ళలో ప్రశ్నలు తిరగబడతాయి. పశ్చిమ విప్పర్రుకు చెందిన పసల కృష్ణమూర్తి, అంజలక్ష్మి దంపతులు శాసనోల్లంఘనలో జైలుకు వెళ్ళారు. గర్భవతిగా లోపలికి వెళ్ళిన అంజలక్ష్మిగారు 1932లో వెల్లూరు జైలులో ఆడపిల్లను కన్నారు. ఆ బిడ్డకు కృష్ణభారతి అని పేరు పెట్టారు, పుట్టినచోటు ఆ పేరులోనే ఉంది. 2022 జులైలో భీమవరం వచ్చిన ప్రధానమంత్రి ఆమెకు నమస్కరించి ఆశీస్సులు తీసుకున్నప్పుడు ఆమెకు తొంభై ఏళ్ళు. తల్లీ తండ్రీ ఇద్దరూ వెళ్ళిన ఇటువంటి ఇంటి గురించి రాసేవారు, బయట మిగిలిన పెద్దలు ఎవరు, బాలింతకు పథ్యం ఎవరు పెట్టారు అన్నవే మొదట అడగాలి.

ద్వీపాంతరం, అజ్ఞాతవాసం

జైలుకు ఒక చిరునామా ఉంటుంది. ద్వీపాంతరం పంపినవాడికి, అజ్ఞాతంలోకి వెళ్ళినవాడికి అది కూడా ఉండదు. 1879లో మొదలైన రంప తిరుగుబాటులో పట్టుబడినవారిలో కొందరిని అండమాన్‌కు పంపారు. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారిగారు కూడా అండమాన్ వెళ్ళారు. సముద్రం దాటి వెళ్ళిన మనిషి ఉన్నాడో లేడో తెలియని ఇంట్లో భార్య పసుపు కుంకుమలతో ఉండాలా వద్దా, ఏ తిథిన తద్దినం పెట్టాలి అన్న ప్రశ్నలు కూడా వస్తాయి. మీ వంశవృక్షంలో తిథి లేని మగమనిషి ఎవరైనా ఉంటే అక్కడ ఆగి అడగండి. రంగూన్ పనికి వెళ్ళి రానివారు కూడా మన డెల్టాలో చాలామంది ఉన్నారు కాబట్టి, రెండింటినీ కలిపేయకుండా జాగ్రత్తపడాలి.

యానాం సంగతి వేరు. చుట్టూ బ్రిటిష్ ఇండియా ఉన్నా యానాం ఫ్రెంచివారిది; ఇవతలి పోలీసుల అధికారం ఆ గట్టు దాటదు. 1954లో ఇదే తలకిందులయింది: జూన్ 13న విలీనవాదుల చేతికి వచ్చేముందు, భారతదేశంలో కలవాలన్నవారిలో కొందరు యానాం విడిచి ఇవతలికి వచ్చి తలదాచుకున్నారు. కొద్ది మైళ్ళ దూరంలోనే ఇల్లు కనబడుతూ ఉండగా వెళ్ళలేకపోవడం ఎలా ఉంటుందో ఆ కుటుంబాల వారసులను అడిగి రాయవచ్చు.

అజ్ఞాతవాసం ఇళ్ళలో, ముఖ్యంగా 1948 తరువాతి ఇళ్ళలో, పిల్లలకు మొదట నేర్పినది అబద్ధం: నాన్న ఎప్పుడు వచ్చాడంటే రాలేదని చెప్పాలి. ఇక ఆడవారి మీద పడిన బరువు నోట చెప్పలేనిది. భర్త పరారీలో ఉన్నాడని ఊరంతా తెలిసిన ఇల్లాలు గర్భవతి అయితే, ఆయన రాత్రిపూట వచ్చి వెళ్ళాడని ఒప్పుకుంటే పోలీసులు ఇంటి మీద పడతారు, ఒప్పుకోకపోతే ఊరు నింద వేస్తుంది. ఈ విషయం మీరుగా ఎత్తకండి. ఆమె తనంతట తాను చెబితే, రికార్డింగు ఆపమంటారా అని అడిగి, ఆపమంటే వెంటనే ఆపేయండి.

కాగితం లేనివారు

స్వాతంత్ర్య సమరయోధుల పింఛను 1972లో మొదలైనప్పుడు సాధారణంగా కనీసం ఆరు నెలల జైలు ఉండాలన్నారు. తరువాత 1980 నుంచి ఆడవారికి, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి మూడు నెలలు చాలన్నారు. జైలు రికార్డు దొరకకపోతే తోటి ఖైదీ ధ్రువపత్రం కావాలి. రైతుతోపాటు జెండా పట్టుకుని వెళ్ళిన పాలేరుకు ధ్రువపత్రం రాసి ఇవ్వగల తోటి ఖైదీ పరిచయం ఎక్కడిది? ఆ రైతు ఇంట్లో గాదె అడుగంటడానికి కొన్ని నెలలు పట్టింది, పాలేరు ఇంట్లో ఆ సాయంత్రానికే గింజలు లేవు. కాబట్టి తామ్రపత్రం ఉన్న ఇంట్లో పని పూర్తయ్యాక, "ఆయనతోపాటు ఇంకెవరు వెళ్ళారండీ?" అని తప్పక అడిగి, ఆ రెండవ ఇంటికి, పేటకు వెళ్ళండి. అటువంటి ఇళ్ళలో పింఛను కోసం పెట్టి తిరస్కరణకు గురైన దరఖాస్తు నకలు దొరికితే అది అమూల్యమైనది. భర్త పోయాక భార్య వేలిముద్రతో పెట్టిన దరఖాస్తు ఒక్కోసారి ఆమె పేరున్న ఏకైక కాగితం.

ఈ రోజుల్లో కేసు నడుస్తున్న కుటుంబం దగ్గరకు వెళ్ళేవారికి నియమాలు మరింత కఠినం. కేసు సంగతులు అడగవద్దు, రికార్డు చేయవద్దు, వారి వకీలు సరేనన్న మేరకే మాట్లాడాలి. పిల్లల పేర్లు, బడి పేరు, ఊరు పేరు మార్చి రాయాలి. వారు వద్దంటే ఇంటికి వెళ్ళి పాత్రలు కడగడానికి సాయపడి రండి, అదే చాలు.

రాసినదానిని తిరిగి చదివి వినిపించడం

విన్న రోజు రాత్రే రాసేయండి, ఆమె వాడిన మాటలనే వాడండి. ఆమె "కటకట పడ్డాం" అంటే దానిని "ఆర్థిక ఇబ్బందులు ఎదుర్కొన్నారు" అని మార్చకండి. తెలిసినది, విన్నది, మీరు ఊహించినది మూడు వేర్వేరు రంగుల సిరాలతో ఉంచితే తరువాతివారికి మేలు. నకళ్ళు మూడు తీయించి ఒకటి ఆ ఇంటికి, ఒకటి ఊరి గ్రంథాలయానికి ఇచ్చి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. మన డెల్టాలో వరదకూ తుపానుకూ ఒకేసారి అన్నీ పోకుండా అవి వేర్వేరు ఊళ్ళలో ఉండాలి.

నకళ్ళు తీయించే ముందు మాత్రం పూర్తిగా ఆమెకు చదివి వినిపించండి. వద్దన్న వాక్యం కొట్టేయండి, ఎందుకని అడగకండి. ఒక పెద్దావిడకు పదకొండు పేజీలు చదివి వినిపించాను. భర్త గురించి, జప్తు గురించి, చనిపోయిన బిడ్డ గురించి రాసిన వాటిలో ఆమె ఒక్క అక్షరం మార్చమనలేదు. అంతా విన్నాక, ఆ రోజుల్లో తన చంటిబిడ్డకు పాలిచ్చిన పాలేరు భార్య పేరు ఇందులో లేదేమిటి బాబూ అని అడిగి, ఆ పేరు రెండుసార్లు పలికి, నేను సరిగా రాశానో లేదో కాగితం తిప్పించి చూసుకుంది. ఆమెకు చదువు రాదు.